నల్లమలకు, ఎర్రమలకు మధ్య ఒక తెల్ల వంకాయ

నంద్యాలలో మా మిద్దె ఎక్కి తూర్పుకు చూస్తే నల్లమల. పడమటికి పోతే, కాస్త దూరంలో, ఎర్రమల. ఈ రెండు కొండల వరసల మధ్య కుందూ నది. దానికి రెండు పక్కలా, ఎండాకాలం కాలు దిగబడేంత నెర్రెలిచ్చే నల్లరేగడి. ఆ రేగడిలో పండేది పచ్చ జొన్న. పచ్చ అంటే ఆకు రంగు అనుకునేరు, పసుపు! మన భాషకు ఆకుకూ పసుపుకూ ఒకటే మాట సరిపోయింది.

ఇన్ని రంగుల మధ్య పుట్టి పెరిగిన నేను రంగు రంగుల కూరగాయల కోసం ఫోన్‌లో వెతికి విత్తనాలు ఆర్డర్ పెట్టాను. అది మొదటి తప్పు. రెండో తప్పు ఇంకా పెద్దది. దానివల్లే ఒక డిసెంబరు పొద్దున చేతిసంచి పట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాల్సి వచ్చింది.

2021లో సంగతి. ఆఫీసువాళ్లు ఇంటినుంచే పని చేయమన్నారు. బెంగళూరులో గది ఖాళీ చేసి ల్యాప్‌టాప్‌తో ఇంటికొచ్చేశాను. మీటింగ్‌కీ మీటింగ్‌కీ మధ్య చూసే రీల్స్‌లో ఎటు చూసినా తోటలే. నల్ల టమాటా, ఊదా కాలీఫ్లవర్, ఎర్ర బెండ, నీలం స్ట్రాబెర్రీ. ఆ రాత్రే ఆరు ప్యాకెట్లు కొనేశాను. నీలం స్ట్రాబెర్రీ ప్యాకెట్ నుంచి మొలిచింది ఏదో గడ్డి. తర్వాత తెలిసింది, నీలం స్ట్రాబెర్రీ అనేది ఈ భూమ్మీద ఎక్కడా లేదని. ఫొటోకి రంగు మార్చి అమ్మేస్తున్నారు. మీరూ కొని ఉంటే నాకు తోడున్నట్టే, బాధపడకండి.

అట్లని రంగు కూరగాయలన్నీ మోసం కాదు. అమెరికాలోని ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2012లో 'ఇండిగో రోజ్' అనే నల్లటి టమాటాను నిజంగానే విడుదల చేశారు. మన వారణాసిలోని కూరగాయల పరిశోధన సంస్థ 2019లో 'కాశీ లాలిమ' అనే ఎర్ర బెండను తెచ్చింది. ఢిల్లీ పూసా వాళ్ల దగ్గర నల్ల క్యారెట్ ఉంది, పేరు 'పూసా అసిత'. అసలు క్యారెట్ మొదట్లో ఊదాగానో పసుపుగానో ఉండేదట. మనం 'మామూలు' అనుకునే నారింజ రంగు క్యారెట్‌ యూరప్‌లో స్థిరపడి నాలుగైదు వందల ఏళ్లే అయింది. అంటే వింత రంగు ఏది, మామూలు రంగు ఏది అన్నది మనం ఎప్పుడు పుట్టామన్న దాన్ని బట్టి ఉంటుంది.

మిద్దె మీద మొలకెత్తితే పీకేటోళ్లం

తుమ్మేటి రఘోత్తమ రెడ్డి గారి పుణ్యమా అని 'మిద్దె తోట' అనే మాట ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలుసు. కానీ మా సీమలో మిద్దె అంటే వేరే. రాతిగోడలు, దూలాలు, పైన మందంగా పరిచి దిమ్మిస చేసిన చౌడు మన్ను. వాన పడ్డాక ఆ మన్నులో గడ్డి మొలిస్తే వేర్లు దిగి కింద ఉరుస్తుందని భయం. అందుకే నేను గ్రో బ్యాగులు మోసుకుంటూ పైకెక్కినప్పుడు అవ్వ మెట్ల కిందే నిలబడి పకపకా నవ్వింది.

"మిద్దె మీద మొలకెత్తితే పీకేటోళ్లం పాపా. నువ్వేమో కుండీలు పెట్టి సాకుతాండావే!"

మాది ఇప్పుడు సిమెంటు మిద్దె అని చెప్పినా నవ్వు ఆగలేదు.

మట్టి దగ్గర మొదటి దెబ్బ తగిలింది. పుణ్యానికి దొరుకుతుంది కదా అని పొలం నుంచి నల్లరేగడి తెప్పించి కుండీల్లో నింపాను. నీళ్లు పోస్తే జిగురు, ఆరితే రాయి. పొలంలో బంగారం లాంటి మన్ను కుండీలో మొక్క గొంతు పిసికేస్తుంది. చివరికి ఎర్రమన్ను రెండు వంతులు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక వంతు, కాస్త ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపితే కుదిరింది. ఎండాకాలం మా ఊరి ఎండ సంగతి మీకు వార్తల్లో చదివే ఉంటారు. గ్రీన్ నెట్ కట్టకపోతే ఏ రంగు మొక్కైనా ఒకటే రంగుకొస్తుంది, గోధుమ.

అవ్వ ఇవన్నీ చూసింది. చూసి, ఒక సాయంత్రం నన్ను పెరట్లోకి పిలిచింది. పెరడంటే పెద్దదేం కాదు. బావి పూడ్చిన చోటు, ఒక జామచెట్టు, దాని చుట్టూ నాలుగడుగుల మన్ను. పందిరికి పాకిన చిక్కుడు తీగ చూపించింది. తీగ ఊదా, పూలు ఊదా, కాయ అంచులు ఊదా. గోడ పక్కన ఎర్ర కాడ బచ్చలి. దాని కింద ఎర్ర తోటకూర. మూలన ఎర్ర కాడ పుంటికూర. దాని పక్కన, ఆకుల మాటున, కోడిగుడ్డంత తెల్లటి వంకాయలు.

"నీ ఫోన్లో ఇవి ల్యావా?" అంది.

లేకేం, ఉన్నాయి. 'హెయిర్‌లూమ్' అని పేరు పెట్టి పది గింజలు వంద రూపాయలకు అమ్ముతున్నారు. నేను పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో ఉన్నవే. చూడలేదు, అంతే. ఇంగ్లిష్‌వాళ్లు వంకాయను ఎగ్‌ప్లాంట్ అనడానికి కారణం కూడా ఈ తెల్ల వంకాయే. వాళ్లు మొదట చూసినవి అచ్చం గుడ్ల లాంటి కాయలు. మనమేమో దీనికి తిరగేసి ఒక రంగుకే వంకాయ పేరు పెట్టుకున్నాం. చీరల షాపులో 'వంగపండు రంగు' అంటే ఇప్పటికీ ఇంకో మాట అక్కర్లేదు. ఆ లెక్కన తెల్ల వంకాయ తన పేరు పెట్టిన రంగుకే దూరంగా బతుకుతున్న కాయ.

పొయ్యి మీద రంగు నిలవదు

మొదటి ఎర్ర బెండకాయలు కోసిన రోజు పెద్ద హడావుడి. ట్రైపాడ్ పెట్టి వీడియో మొదలుపెట్టాను. చక్రాల్లా తరిగితే ఎంత అందమో! బాణలిలో వేశాను. ఐదు నిమిషాల్లో అన్నీ ఆకుపచ్చ. అవ్వ తొంగి చూసి, "ఇంతేనా? దీనికేనా ఇంత బిల్డప్పు?" అంది. ఆ 'బిల్డప్పు' అనే మాట ఆమె ఎక్కడ నేర్చిందో తెలియదు. వీడియోలో మాత్రం భద్రంగా రికార్డయింది.

రంగు ఎందుకు పోయిందో వెతికితే వంటింట్లోనే ఒక కెమిస్ట్రీ క్లాసు దొరికింది. ఎర్ర బెండ, ఊదా చిక్కుడు, వంకాయ తొక్క, శంఖుపువ్వు, వీటన్నిటిలో ఉండేది ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం. ఇది నీళ్లలో కరుగుతుంది, వేడికి విరిగిపోతుంది. అది పోగానే కింద దాక్కున్న ఆకుపచ్చ బయటపడుతుంది. ఇంకో గుణం కూడా ఉంది దీనికి. పులుపు తగిలితే ఎరుపు వైపు, సోడా ఉప్పు తగిలితే నీలం, ఆకుపచ్చ వైపు మారిపోతుంది. శంఖుపూలు వేడినీళ్లలో వేసి, నీలం దిగాక నిమ్మచెక్క పిండి చూడండి. కళ్ల ముందే ఊదా అవుతుంది. పూజకు తప్ప మనం ముట్టని ఆ పువ్వుతో మలేసియాలో అన్నమే నీలంగా వండుతారు.

ఇది తెలిశాక మా వంట కొంచెం మారింది. ఎర్ర బెండను పచ్చిగానే సన్నగా తరిగి, ఎర్రగడ్డ ముక్కలు, నిమ్మరసం, ఉప్పు కలిపి పెరుగన్నంలో నంజుకుంటాం. రంగూ ఉంటుంది, కరకరా ఉంటుంది. వేపుడే కావాలంటే ఆకుపచ్చ బెండే మేలు. రుచిలో తేడా లేదు, ఊరికే మనసు బాధపడుతుంది.

వంకాయ సంగతి వేరు. నల్ల వంకాయ తొక్కలోని రంగు నీళ్లలో ఉడికిస్తే వెలిసిపోయి బురద రంగుకొస్తుంది. అదే కాగిన నూనెలో ముందు మగ్గిస్తే చాలావరకు నిలుస్తుంది. గుత్తొంకాయను ముందు నూనెలో వేయించాకే పులుసు పోయాలని మన ముసలివాళ్లు ఊరికే చెప్పలేదు. వాళ్లకు ఆంథోసయనిన్ పేరు తెలియదు, దాని బుద్ధి తెలుసు.

తోటకూర, బచ్చలి, బీట్‌రూట్ మాత్రం ఇంకో కులం. వాటి రంగు బీటాలెయిన్ల వల్ల వస్తుంది. ఒక మొక్కలో ఇది ఉంటే ఆంథోసయనిన్ ఉండదు. రెండూ ఒక ఇంట్లో కాపురం చెయ్యవు. ఎర్ర తోటకూరను తెల్లగడ్డ కారం వేసి వేపితే అన్నమంతా గులాబీ రంగుకొస్తుంది. మా అక్క కొడుకు కూరంటే పారిపోయే రకం, 'పింక్ రైస్' అని చెప్పి పెడితే రెండుసార్లు పెట్టించుకున్నాడు. బచ్చలి పళ్లు నలిపి చిన్నప్పుడు మేం సిరా చేసుకునేవాళ్లం. అవ్వ చిన్నప్పుడైతే కాళ్లకు పూసుకునేవాళ్లట. బడికి పోని ఆడపిల్లలకు సిరాతో పనేముంది!

ఇక తెల్ల వంకాయ. దానిలో పోగొట్టుకోవడానికి రంగే లేదు. అందుకే నాకు మొదట్లో ఆసక్తి లేకపోయింది కూడా. అవ్వ చేసే నూనె వంకాయ తిన్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. వేయించిన బుడ్డలు, నువ్వులు, ఎండుకొబ్బరి, ధనియాలు, ఎండుమిరపకాయలు, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు రోట్లో వేసి కచ్చాపచ్చాగా నూరుతుంది. మిక్సీ వేస్తే నూనె ముందే బయటికొచ్చి ముద్దైపోతుందని ఆమె వాదన. వంకాయలు నాలుగు పక్షాలుగా చీల్చి ఉప్పునీళ్లలో వేస్తుంది, లేకపోతే తెల్ల కండ ఇట్టే నల్లబడుతుంది. కారం కూరి, మందపాటి గిన్నెలో నూనె ధారాళంగా పోసి, మూత పెట్టి సన్నసెగన మగ్గించాలి. చివర్న కాస్త చింతపండు గుజ్జు. నల్ల వంకాయ ఉడికిందో లేదో గరిటెతో పొడిచి చూడాలి. తెల్లదానికి ఆ పని లేదు. సున్నం రంగు పోయి, లోపలి గింజలు మసగ్గా కనిపించేంత పలచబడుతుంది. అప్పుడు దించాలి. పచ్చ జొన్న రొట్టెలో పెట్టుకుని తింటే... సరే, రొట్టె తట్టడం నాకింకా రాలేదు, అది వేరే కథ.

తుమ్మెద చేసిన పని

ఇప్పుడు రెండో తప్పు.

ఆ ఏడాది నర్సరీ నుంచి మంచి నల్ల వంగ నారు తెచ్చి పెరట్లో, అవ్వ తెల్ల వంగ పక్కనే నాటాను. ఫొటోలో తెలుపు, నలుపు పక్కపక్కన బాగుంటాయని. బాగున్నాయి కూడా. లైకులూ బానే వచ్చాయి. ఆ చలికాలం అవ్వ ఎప్పటిలాగే ఒక తెల్ల వంకాయను చెట్టు మీదే పండనిచ్చింది. తెల్ల వంకాయ ముదిరితే పసుపు తిరుగుతుంది. దాన్ని పిసికి, నీళ్లలో వేసి, మునిగిన గింజలు మాత్రం ఏరి, నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి పాత హార్లిక్స్ సీసాలో పెట్టింది. ఆమె అత్తారింటికి వచ్చినప్పటి నుంచి ఏటా చేస్తున్న పని అది. కిందటేటి గింజలు మిగిలితే పారేసేది, పాతవి మొలవవని.

2022 జూన్‌లో నారు పోసింది. అప్పటికి రెండు నెలల ముందే, ఏప్రిల్ 4న, నంద్యాల కొత్త జిల్లా అయింది. ఊరంతా ఆ హుషారులోనే ఉంది. అవ్వ మాత్రం నారుమడి ముందు గొంతుక్కూర్చుని, అద్దాలు సవరించుకుని, చాలాసేపు లేవలేదు.

"ఇది నా చెట్టు కాదు పాపా."

వేలెడంత మొక్కలు. కాయ లేదు, పువ్వు లేదు. ఆమె చూపించింది కాండం. తెల్ల వంగ మొక్కకు కాండం లేతాకుపచ్చగా ఉండాలి. తొమ్మిది మొక్కల్లో ఆరింటి కాండం, ఈనెలు ఊదాగా ఉన్నాయి.

వంగ మామూలుగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది. కానీ దాని పుప్పొడి ఊరికే రాలదు. తిత్తుల కొసన సూది మొనంత రంధ్రాలుంటాయి. నల్ల తుమ్మెద వచ్చి, పువ్వును కాళ్లతో పట్టుకుని, ఝుమ్మని వణికిస్తేనే జల్లుగా పడుతుంది. అట్లా నా నల్ల వంగ పుప్పొడి ఒళ్లంతా పూసుకుని అవ్వ తెల్ల వంగ మీద వాలింది. ఆ ఏడాది కాయలు తెల్లగానే వస్తాయి, ఎందుకంటే కాయ కండ తల్లి మొక్కది. మార్పంతా లోపల గింజలో. తెలుపు, ఊదా కలిస్తే మొదటి తరంలో గెలిచేది చాలావరకు ఊదానే. ఆ మొక్కల గింజలు మళ్లీ వేస్తే కొన్ని తెల్ల కాయలు రాకపోవు. కానీ తొక్క మందం, గింజ, రుచి అన్నీ కలగాపులగం అయిపోతాయి.

మిగిలిన మూడు పచ్చ కాండం మొక్కల మీద ఆశ పెట్టుకున్నాం. రెండింటికి వెర్రి తెగులు తగిలి ఆకులు చిన్నవై, గుబురుగా మారి పూత రాలేదు. మూడోదాన్ని అక్టోబరులో కోతి పీకింది. పీకి, ఒక్క ఆకు కూడా తినకుండా గోడ మీద పెట్టి పోయింది.

అవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రెండు రోజుల తర్వాత, అన్నం తింటూ, "మా చెల్లెలికి ఇచ్చినా గింజలు. ఆళ్లగడ్డలో ఉంటాయేమో" అంది. మా చిన్నవ్వ పోయి అప్పటికి నాలుగేళ్లు.

మా ఊళ్లో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. పత్తి, జొన్న, శనగ, కొర్రల మీద పని చేస్తుంది. 'సూర్యనంది' అనే కొర్ర రకం ఇక్కడిదే. దేశవాళీ విత్తనాలు దాచే జాతీయ సంస్థకు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఒక ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. కానీ ఒక ముసలామె పెరట్లోని పేరు లేని వంకాయకు ఉన్న ఆఫీసు ఆ హార్లిక్స్ సీసా ఒక్కటే. దాన్ని నేను ఒక ఫొటో కోసం ఖాళీ చేశాను.

శిల్పుల వీధిలో

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ నలభై కిలోమీటర్ల పైచిలుకు. కడప వెళ్లే హైవే మీద, శిరివెళ్ల దాటి. డిసెంబరులో ఆ దారి బాగుంటుంది. ఎడమ పక్కన నల్లమల మనతోనే నడుస్తున్నట్టుంటుంది. కె.సి. కాలువ నీళ్లు పారే చోట వరి, పారని చోట వాన తేమ మీదే బతికే శనగ. బస్సులో సగం మంది అహోబిలం పోయేవాళ్లు. పక్క సీటు పెద్దమ్మ, "నవ నారసింహులను చూసేకి పోతాండావా?" అని అడిగింది. వంకాయ గింజల కోసం అంటే నమ్మలేదు. "సంతలో దొరకవా?" అంది. ఆ ప్రశ్నకు జవాబు శిరివెళ్ల నుంచి ఆళ్లగడ్డ దాకా చెప్పాను.

చిన్నవ్వ ఇల్లు నాకు బాగా గుర్తు. ముందు ఖాళీ జాగా, వేపచెట్టు, తీగలు. ఇప్పుడు జాగా అంతా బేతంచెర్ల బండలు పరిచి ఉంది. శుభ్రంగా, చల్లగా, ఒక్క మొక్క లేకుండా.

చిన్నమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. "వానకు బండి జారి మీ తమ్ముడు పడినాడు పాపా. అందుకే పరిపిచ్చినాం. అత్త ఉన్నెప్పుడు చెట్లు చానా ఉండె. ఎవరు సూసుకుంటారు?"

తప్పేముంది ఆమెది? నాకు చెట్టు మీద మోజు ఉండీ పోగొట్టాను. ఆమెకు పిల్లాడి కాలు ముఖ్యం. మజ్జిగ తాగి లేవబోతుంటే ఆమే అంది. "ఉండు, ఉండు. అత్త ఒగసారి బొమ్మలు సెక్కేవాళ్ల ఇంటికి వంకాయలు పంపిచ్చింటాది. వాళ్లామెకు నచ్చి గింజలు కూడా అడిగినట్టు గ్యాపకం." చిన్నాయన బండి తీశాడు.

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు జీఐ గుర్తింపు ఉంది. రోడ్డు పక్కన షెడ్ల ముందు దేవుళ్లు వరసగా నిలబడి ఉంటారు. కొందరికి ఒళ్లంతా చెక్కి మొహం మిగిలి ఉంటుంది. కొందరు ఇంకా రాతిలోనే. కోత మిషన్ల రొద, మధ్యమధ్యలో ఉలి చప్పుడు. గాలిలో తెల్లటి రాతి పిండి. చెట్ల ఆకులు, స్కూటర్ సీట్లు, మనుషుల కనుబొమ్మలు, అన్నీ తెల్లగా.

చిన్నాయన చూపించిన షెడ్డు వెనక ఇల్లు. ఇంటి పక్కన సగం చెక్కి వదిలేసిన నంది. ఆ నంది నీడలో నాలుగు వంగ మొక్కలు. రాతి పిండి కింద ఆకు రంగు తెలియలేదు. నేను వంగి కాండం తుడిచి చూశాను. లేతాకుపచ్చ. కాయ తుడిచాను. తుడిచినా తెలుపే.

లోపలి నుంచి ఒకామె వచ్చింది. ఎవరో పిల్ల తన వంకాయలు తుడుస్తుంటే ఏమనుకుందో ఏమో.

"ఇది ఏం వంకాయ అక్కా?" అన్నాను.

"నంద్యాల వంకాయ" అంది.

నేను నవ్వడం మొదలుపెట్టి, మధ్యలో ఎందుకో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రాతి పిండి అని సర్దుకున్నాను. అవ్వ పుట్టిల్లు ఆళ్లగడ్డ దగ్గర పల్లె. అక్కడి నుంచి పెళ్లిలో తెచ్చుకున్న గింజలని ఆమె దీన్ని 'ఆళ్లగడ్డ వంకాయ' అంటుంది. అది నంద్యాల వెళ్లి, చిన్నవ్వ చేతుల మీదుగా తిరిగి ఆళ్లగడ్డ వచ్చి, పేరు మార్చుకుని కూర్చుంది.

విషయం చెప్పాను. ఆమె అంతా విని, ఒక మొక్క వెనక్కి తీసుకెళ్లింది. ఎర్ర దారం కట్టిన ఒకే ఒక కాయ, అరటిపండులా పసుపు తిరిగి ఉంది. "విత్తనానికి పెట్టినా. ఇదొక్కటే ఉండాది" అంది. కాసేపు ఇద్దరం ఆ కాయనే చూశాం. తర్వాత ఆమె లోపలికెళ్లి కత్తిపీట తెచ్చి, దాన్ని నిలువునా రెండు చేసి, సగం నా చేతిలో పెట్టింది.

బదులుగా ఎర్ర బెండ గింజలు పంపుతానన్నాను. ఆమె వెంటనే, "అవి దీని పక్కన పెడితే దీనికేం కాదు కదా?" అంది. మా కథ బాగానే విన్నట్టుంది. బెండకూ వంగకూ కలవదక్కా అని చెప్పాను. వచ్చేముందు భయం భయంగా అడిగాను, చుట్టుపక్కల ఎవరింట్లోనైనా నల్ల వంకాయ ఉందా అని.

"రెండిండ్ల అవతల ఉండాది. ఏం?"

తిరుగు బస్సులో ఆ సగం కాయను టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఒళ్లో పట్టుకున్నాను. తుమ్మెదకు రెండిళ్లు ఎంత దూరం?

ఆ రాత్రే అవ్వ గింజలు తీసింది. ఈసారి సగం సీసాలో, సగం మడిలో. రెండు వారాలకు మొలకలు లేచాయి. ఇరవై రెండు. అవ్వ టార్చి లైటు వేయించుకుని మరీ ఒక్కొక్క కాండమే చూసింది. నాలుగింటిని చిటికెన వేలితో పీకి పక్కన పెట్టింది. పద్దెనిమిది మిగిలాయి.

ఇప్పుడు మా ఇంట్లో విత్తనం కోసం ఉంచే వంగ పూలకు, మొగ్గ దశలోనే, పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్ట్‌కి ఇచ్చే జాలీ సంచులు కడతాను. తుమ్మెద చేసే పని నేనే చేస్తాను, రోజూ పొద్దున వేలితో పువ్వును మెల్లగా తడతాను. పిందె పడగానే సంచి తీసేసి ఎర్ర దారం కడతాను. నల్ల వంగ మాత్రం పెరట్లోంచి మిద్దె మీదికి, రెండు మిద్దెల అవతలి మా స్నేహితురాలి ఇంటికి మారింది. అవ్వకు ఆ వేసవిలో 'నంద్యాల వంకాయ' సంగతి చెబితే, "నంద్యాలదెట్లయితాది? వాళ్లకేం తెలుసు!" అని మూడు రోజులు వాదించింది.

మొన్న చిన్నమ్మ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. వాళ్ల ముంగిట్లో, గేటుకు దూరంగా, ఒక మూల. ఒక బేతంచెర్ల బండ లేపి గోడకు ఆనించి ఉంది. కింద చదరంగా మన్ను. దాని కింద వాయిస్ మెసేజ్. "ఒగ బండ లేపిచ్చినా పాపా. బండి ఈ పక్కకు రాదులే. గింజలు పంపు."